సిక్సర్ల చిట్టా, రియాద్ గాలి

2024 మే 26, ఆదివారం. చెన్నై చేపాక్ మైదానంలో ఐపీఎల్ ఫైనల్ తొలి బంతి పడేసరికి రియాద్‌లో సాయంత్రం అయిదు గంటలు. సౌదీలో ఆదివారం అంటే వారానికి మొదటి పనిదినం. ఆఫీసుల నుంచి బయటపడినవాళ్లు, సైట్ల నుంచి కంపెనీ బస్సుల్లో క్యాంపులకు తిరిగొస్తున్నవాళ్లు ఫోన్లలో స్కోరు చూసుకునే వేళ. రెండు నెలలుగా ఉతికి ఆరేసిన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆ సాయంత్రం 113 పరుగులకే చాప చుట్టేసింది. కప్పు కోల్‌కతా పట్టుకుపోయింది. అయినా అభిమానులు సీజన్ పొడవునా కూడుకుంటూ వచ్చిన ఇంకో అంకెను ఆ ఓటమి ఏమీ చేయలేకపోయింది: 178 సిక్సర్లు. అప్పటిదాకా ఐపీఎల్‌లో ఏ జట్టూ ఒక్క సీజన్‌లో అన్ని కొట్టలేదు. అంతకుముందు రికార్డు 2018లో చెన్నై కొట్టిన 145.

మర్నాడు రియాద్‌లోనే మరో లెక్క తేలింది. అల్ అవ్వల్ పార్క్ స్టేడియంలో అల్ నస్ర్ జట్టు జెద్దా జట్టు అల్ ఇత్తిహాద్‌తో సీజన్ చివరి మ్యాచ్ ఆడింది. 33 గోల్స్‌తో మైదానంలోకి దిగిన క్రిస్టియానో రొనాల్డో మరో రెండు కొట్టి 35 దగ్గర ఆగాడు. సౌదీ ప్రో లీగ్‌లో ఒక సీజన్‌కు అప్పటికి అదే అత్యధికం. ఊళ్లోని మరో పెద్ద జట్టు అల్ హిలాల్ అదే సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, 101 గోల్స్‌తో లీగ్ గెలుచుకుంది. రియాద్ బతా పేట సందుల్లో టీ తాగుతూ కబుర్లాడే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల మనుషులకు ఆ మే నెలలో ఒకేసారి రెండు మీటర్లు తిరిగాయి. ఒకటి హైదరాబాద్ ఉప్పల్‌ది, రెండోది పక్క వీధిది.

ఇలా సీజన్ పొడవునా ఒకే అంకె వెంట పడడంలో అమెరికన్లు అందరికన్నా సీనియర్లు. వాళ్ల బేస్‌బాల్‌లో కంచె దాటిన బంతి హోమ్ రన్. ఈ లెక్కల పిచ్చికి ఆద్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1824లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో బ్రూక్లిన్ చేరి, మొదట క్రికెట్ వార్తలు రాసిన పాత్రికేయుడు. మ్యాచ్ మొత్తాన్ని అరచేతంత పట్టికలో ఇమిడ్చే బాక్స్ స్కోరును బేస్‌బాల్‌కు 1859లో తెచ్చిన ఘనత ఆయనకే ఇస్తారు. అంటే అమెరికా తన జాతీయ క్రీడను లెక్కించడం నేర్చుకున్నది ఓ క్రికెట్ విలేకరి దగ్గర. సౌదీకి కూడా ఆ ఆట పూర్తిగా పరాయిది కాదు. దహ్రాన్‌లోని అరాంకో కాలనీ పిల్లల జట్లు 1980ల నుంచి పలుమార్లు పెన్సిల్వేనియాలో జరిగే లిటిల్ లీగ్ ప్రపంచ సిరీస్ దాకా వెళ్లాయి.

అమెరికా మేజర్ లీగ్‌లో ఒక జట్టు ఒక సీజన్‌లో కొట్టిన అత్యధిక హోమ్ రన్లు 307. 2019లో మినెసోటా ట్విన్స్ ఆ అంకె చేరితే, అదే ఏడాది న్యూయార్క్ యాంకీస్ 306 దగ్గర, ఒక్కదానితో వెనకబడింది. 2023లో అట్లాంటా బ్రేవ్స్ సరిగ్గా 307 కొట్టి సమం చేసింది. అయితే ఆ 307 వచ్చింది 162 మ్యాచ్‌ల్లో. మ్యాచ్‌కు రెండుకన్నా తక్కువ. సన్‌రైజర్స్ 178 వచ్చింది వాళ్లు బ్యాట్ పట్టిన 16 మ్యాచ్‌ల్లో, మ్యాచ్‌కు 11.1. సుమారుగా పది బంతులకో సిక్సర్. రెండు ఆటల అంకెలను పక్కపక్కన పెట్టడం సరదాకే తప్ప పోలికకు పనికిరాదు. కానీ ఆ అంకెల లోపల పనిచేసే గణితం, భౌతికశాస్త్రం మాత్రం రెండింటికీ ఒకటే.

మొదటి చిక్కు హారంలో ఉంది. 1927లో బేబ్ రూత్ 60 హోమ్ రన్లు కొట్టినప్పుడు సీజన్‌కు 154 మ్యాచ్‌లు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టి దాన్ని దాటేశాడు. కానీ ఆ ఏడాదే ఆయన ఆడిన లీగ్‌లో సీజన్‌ను 162 మ్యాచ్‌లకు పెంచారు. బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్, 154 మ్యాచ్‌ల లోపల దాటకపోతే రికార్డును విడిగా గుర్తించాలని తేల్చేశాడు. ఆ గొడవ దశాబ్దాల పాటు నలిగింది. రియాద్‌లో అచ్చం అదే కథ జరిగింది గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రొనాల్డో చెరిపేసిన 34 గోల్స్ రికార్డు మొరాకో ఆటగాడు అబ్దుర్రజాక్ హమ్దల్లాది. 2018-19లో ఇదే అల్ నస్ర్ తరఫున సాధించినది. అప్పుడు లీగ్‌లో 16 జట్లు, జట్టుకు 30 మ్యాచ్‌లు. హమ్దల్లా ఆడినవి 26. 2023-24 నాటికి జట్లు 18, మ్యాచ్‌లు 34. రొనాల్డో ఆడినవి 31. మ్యాచ్‌కు ఎన్ని అని చూస్తే హమ్దల్లాది 1.31, రొనాల్డోది 1.13. ఇంకో విశేషం, ఆ రికార్డు చెరిగిన రోజుకు హమ్దల్లా ప్రత్యర్థి జట్టు ఇత్తిహాద్ ఆటగాడు.

సిక్సర్ల విషయంలోనూ అంతే. 2024లో అభిషేక్ శర్మ 42 కొట్టి సీజన్‌లో అందరికన్నా ముందున్నాడు. 2012లో క్రిస్ గేల్ కొట్టిన 59 అప్పటికీ చాలా దూరం. గేల్ కాలంలో ఇంపాక్ట్ ప్లేయర్ లేడు. 2023లో ఆ నిబంధన వచ్చాక జట్టులో ఒక బ్యాటర్ అదనంగా ఉన్నట్టే లెక్క. ఔటైనా వెనక ఇంకొకడున్నాడన్న ధీమాతో పవర్ ప్లే నుంచే బాదుడు. 2022లో లీగ్ మొత్తం సిక్సర్లు 1,062. 2023లో 1,124. 2024లో 1,250 దాటాయి. జట్లూ అవే పది. కాబట్టి 178లో కొంత భాగం హైదరాబాద్ ప్రతిభ, కొంత కాలమహిమ.

ఇక రెండో చిక్కు. అభిమానులు ఎక్కువగా పడిపోయే గుంట ఇదే.

2024 మార్చి 30న రొనాల్డో అల్ తాయీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఏప్రిల్ 2న అభా మీద మళ్లీ హ్యాట్రిక్. మూడు రోజుల తేడాలో ఆరు గోల్స్! ఫామ్ అంటే ఇదీ, పూనకం వచ్చినట్టు ఆడుతున్నాడు అనుకోవడం సహజం. గణితజ్ఞుడు మాత్రం ఇంకో మాట అడుగుతాడు: పూనకం ఏమీ లేకపోయినా, కేవలం సగటు ప్రకారమే ఆడినా, ఇలాంటి రోజులు ఎన్ని రావాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే సూత్రాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు సిమియోన్ పాయిసాన్ 1837లో ప్రచురించాడు. అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనలు ఎలా పంపిణీ అవుతాయో చెప్పే సూత్రమది. దాన్ని లోకానికి పరిచయం చేసిన ఉదాహరణ విచిత్రమైనది. లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ అనే గణాంకవేత్త 1898లో అచ్చువేసిన పుస్తకంలో ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కలు తీశాడు. ఇరవై ఏళ్లు, పది దళాలు. అంటే 200 దళ సంవత్సరాలు. మొత్తం చావులు 122. ఒక్క చావూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండున్నవి 22, మూడున్నవి 3, నాలుగున్నది 1. పాయిసాన్ సూత్రం ఇంచుమించు ఇదే పట్టికను ముందుగా కాగితం మీద రాసి ఇస్తుంది. ఒకే ఏడాది నలుగురు చచ్చిన దళంలో గుర్రాలు మరీ పొగరుబోతువై ఉండాల్సిన పని లేదు. పొలంలో వెదజల్లిన విత్తనాలు కొలిచినట్టు సమదూరంలో పడవు కదా. ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా పడతాయి. యాదృచ్ఛికత స్వభావమే అది.

రొనాల్డో లెక్కకు ఈ సూత్రం పెట్టి చూడొచ్చు. 31 మ్యాచ్‌ల్లో 35 గోల్స్, సగటు 1.13. సూత్రం ప్రకారం సుమారు 10 మ్యాచ్‌ల్లో సున్నా, 11 మ్యాచ్‌ల్లో ఒకటి, 6 మ్యాచ్‌ల్లో రెండు, 3 మ్యాచ్‌ల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. ఆ సీజన్ లీగ్‌లో ఆయన హ్యాట్రిక్‌లు నాలుగు: ఆగస్టులో అల్ ఫతే మీద, పైన చెప్పిన రెండు, మే 4న అల్ వెహ్దా మీద ఒకటి. మూడు అంటే నాలుగు వచ్చాయి. తేడా ఏమంత కాదు. ఆ నాలుగు మ్యాచ్‌ల్లోనే 12 గోల్స్, అంటే సీజన్ పంటలో మూడో వంతు. పంట అలా గుంపుగా రావడంలో వింత లేదని, అలా రాకపోతేనే వింత అని సూత్రం చెబుతుంది. రొనాల్డో గొప్పతనం 1.13 అన్న సగటులో ఉంది. ఏ రోజున మూడు, ఏ రోజున సున్నా అన్నదాంట్లో చాలా మటుకు అదృష్టమే ఉంది. మరుసటి సీజన్‌లో అదే ఆటగాడు, అదే లీగ్‌లో 30 మ్యాచ్‌లాడి 25 గోల్స్ దగ్గర ఆగాడు.

ఇప్పుడు ఇదే కొలబద్ద సన్‌రైజర్స్ మీద పెడదాం. ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది.

మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద 277 పరుగులు, 18 సిక్సర్లు. అప్పుడు రంజాన్ నెల. రియాద్ గడియారంలో మ్యాచ్ అయిదింటికి మొదలైతే, ఆరు దాటగానే, హైదరాబాద్ ఇన్నింగ్స్ ఇంకా సాగుతుండగానే ఇఫ్తార్ వేళ అయింది. ట్రావిస్ హెడ్ 24 బంతుల్లో 62, అభిషేక్ 23 బంతుల్లో 63, క్లాసెన్ 34 బంతుల్లో 80. ఒక చేత్తో ఖర్జూరం, ఒక చేత్తో ఫోను. ‘సలార్’ సినిమా పుణ్యమా అని ఈ బ్యాటర్లకు తెలుగు అభిమానులు కాటేరమ్మ కొడుకులని పేరు పెట్టేసుకున్నారు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287 పరుగులు, 22 సిక్సర్లు. ఐపీఎల్‌లో ఒక ఇన్నింగ్స్‌కు అప్పటికి అదే రికార్డు. అయిదు రోజులకే ఢిల్లీలో 266 పరుగులు, మళ్లీ 22 సిక్సర్లు. ఆరు ఓవర్ల పవర్ ప్లేలోనే 125.

సగటు 11.1 ఉంటే పాయిసాన్ సూత్రం ప్రకారం ప్రామాణిక విచలనం దాని వర్గమూలం, అంటే 3.3. మూడింట రెండు మ్యాచ్‌ల్లో సిక్సర్లు 8కీ 14కీ మధ్య ఉండాలి. 22 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం నాలుగు వందల ఇన్నింగ్స్‌లో ఒకటి. అలాంటిది 16 ఇన్నింగ్స్‌లో రెండుసార్లు, అదీ వరసగా వచ్చింది. రొనాల్డో హ్యాట్రిక్‌లను ‘అదృష్టం’ ఖాతాలో వేసిన సూత్రమే ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఒట్టి యాదృచ్ఛికతతో ఇది కుదరదు, ఇంకేదో పనిచేస్తోంది అని పట్టించి ఇస్తుంది. నిజానికి పాయిసాన్ సూత్రం గొప్ప ఉపయోగం ఇదే. అది సరిపోయినచోట కన్నా సరిపోనిచోట ఎక్కువ చెబుతుంది.

ఆ ‘ఇంకేదో’ కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఒక బ్యాటర్ చెలరేగితే రెండో బ్యాటర్‌కు ధైర్యం, బౌలర్‌కు బెదురు. కాబట్టి సిక్సర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఘటనలు కావు. అంతకన్నా ముఖ్యం వేదిక. బెంగళూరు చిన్నస్వామి, ఢిల్లీ అరుణ్ జైట్లీ మైదానాలు రెండూ చిన్నవని క్రికెట్ చూసే పిల్లవాడికి కూడా తెలుసు. బేస్‌బాల్‌కూ క్రికెట్‌కూ మైదానాల కొలతలు ముందే గీసి ఉండవు. పిచ్ మధ్య నుంచి బౌండరీ 59 మీటర్ల నుంచి 82 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చని ఐసీసీ నిబంధన. బేస్‌బాల్ కంచెలు పక్కల సుమారు 100 మీటర్లు, నడుమ 120 మీటర్లు. అదీ స్టేడియానికో తీరు. ఉప్పల్‌లో ప్రేక్షకులు లేచి గంతులేసే 70 మీటర్ల సిక్సర్ అమెరికాలో ఫీల్డర్ చేతిలో పడే క్యాచ్. ఈ రెండు 22లూ కలిపితే 44. సీజన్ 178లో నాలుగో వంతు. రెండూ పరాయి ఊళ్లలోనివే.

పొడి గణితం చాలు. గాలి సంగతికి వద్దాం, రియాద్ అసలు పాత్ర అక్కడే ఉంది.

గంటకు 160 కిలోమీటర్ల వేగంతో, 30 డిగ్రీల కోణంలో కొట్టిన బంతి గాలే లేకపోతే 170 మీటర్లకు పైగా పోవాలి. గాలిలో అలాంటి బేస్‌బాల్ దాదాపు 120 మీటర్ల దగ్గర దిగిపోతుంది. మిగతా యాభై మీటర్లనూ గాలి నిరోధం మింగేస్తుంది. ఈ నిరోధం గాలి సాంద్రతను బట్టి మారుతుంది. ఎత్తుకు పోయినకొద్దీ పీడనం తగ్గి గాలి పలచబడుతుంది, వేడెక్కినా పలచబడుతుంది. ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు సుమారు మూడోవంతు శాతం.

సముద్రతీరపు చెన్నైలో 30 డిగ్రీల వేళ ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు. 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో 25 డిగ్రీల సాయంత్రం అది 1.06 కిలోలు. తేడా తొమ్మిది శాతం దాకా. ఇక రియాద్. ఎడారి అనగానే సముద్రమట్టం ఇసుక ఊహించుకుంటారు గానీ ఈ నగరం నజ్ద్ పీఠభూమి మీద సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది, హైదరాబాద్ కన్నా కాస్త పైనే. మే నెల సాయంత్రం 40 డిగ్రీల ఎండలో లెక్కవేస్తే ఇక్కడి గాలి ఘనపు మీటరుకు 1.05 కిలోలు. అంటే మూడు వందల మీటర్ల ఎత్తు తక్కువైనా, వేడి పుణ్యాన రియాద్ సాయంత్రపు గాలి బెంగళూరు గాలికి దీటుగా పలచబడుతోంది. అదే జనవరి రాత్రి 9 డిగ్రీల చలిలో ఇక్కడ 1.17 దాకా చిక్కబడుతుంది, చెన్నైని మించి. నగర శివార్లలో ఇసుక నేల మీద మ్యాట్ పరిచి ఆడే దక్షిణాసియా కుర్రాళ్ల లీగుల్లో ఒకే మైదానం కొన్ని నెలల తేడాతో చేపాక్ గాలినీ చిన్నస్వామి గాలినీ రెండింటినీ చూపిస్తుందన్నమాట.

తొమ్మిది శాతం పలచని గాలి అంటే బంతి తొమ్మిది శాతం ఎక్కువ దూరం పోతుందని కాదు. తొంభై మీటర్ల సిక్సర్‌కు కలిసొచ్చేది రెండు మూడు మీటర్లు. మరి అంత కొద్దిపాటి తేడాకు ఇంత చర్చా? ఔను, ఎందుకంటే బౌండరీ తాడు దగ్గర బంతుల రద్దీ ఎక్కువ. 66 మీటర్లకు చేరే బంతులు 96 మీటర్లకు చేరే బంతులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తాడుకు మీటరు ముందు పడి క్యాచ్ అయ్యేవాటిలో కొన్ని తాడు దాటితే ఒక్కోటీ ఇటు వికెట్ కాపాడి అటు ఆరు పరుగులిస్తుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు 2023లో ఇలాంటి లెక్కే తేల్చారు. 1962 నుంచి 2019 దాకా లక్షకు పైగా మేజర్ లీగ్ మ్యాచ్‌లను ఆ రోజుల ఉష్ణోగ్రతలతో జోడించి చూస్తే, పగటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే హోమ్ రన్లు దాదాపు రెండు శాతం పెరుగుతున్నాయి. 2010 తర్వాత కొట్టినవాటిలో అయిదు వందలకు పైగా భూతాపం పుణ్యమేనని వాళ్ల అంచనా. మొత్తంలో అది ఒక శాతమే అని వాళ్లే చెప్పారు.

తేమ గురించి ఓ మాట. తేమ గాలి బరువుగా ఉంటుందనీ, బంతి పోదనీ వ్యాఖ్యాతలు తరచూ అంటుంటారు. భౌతికశాస్త్రం తిరగేసి చెబుతుంది. నీటి ఆవిరి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువులకన్నా తేలిక. కాబట్టి తేమ గాలి, అదే వేడిలో, పొడి గాలికన్నా కొంచెం తేలికే. తేమ నిజంగా దెబ్బతీసేది బంతిని. తేమ పీల్చిన బంతి బరువెక్కి మెత్తబడి బ్యాట్ మీంచి తక్కువ వేగంతో పోతుంది. 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో హోమ్ రన్లు మితిమీరాయని 2002 నుంచి బంతులను తేమ నియంత్రించిన గదిలో ఉంచడం మొదలుపెట్టారు. అక్కడి హోమ్ రన్లు సుమారు పాతిక శాతం తగ్గాయి.

బంతి కుట్టు కూడా కథ మార్చేస్తుంది. 2019లో మేజర్ లీగ్ మొత్తం మీద 6,776 హోమ్ రన్లు పడ్డాయి. అదివరకు ఎన్నడూ లేనన్ని. బంతిలో మోసం ఉందని అభిమానులు గోల పెడితే లీగ్ నియమించిన శాస్త్రవేత్తల కమిటీ ఆ డిసెంబరులో నివేదిక ఇచ్చింది. పెరుగుదలలో 60 శాతం బంతికి గాలి నిరోధం తగ్గడం వల్ల, 40 శాతం బ్యాటర్లు కొట్టే తీరు మారడం వల్ల అని తేల్చింది. నిరోధం తగ్గడానికి ఒక కారణం కుట్టు ఎత్తులో వచ్చిన అతి స్వల్ప తేడా. చేత్తో తడిమితే తెలియనంత. ట్విన్స్ 307 ఆ ఏడాదిదే. ఇక 1998లో 70 కొట్టిన మార్క్ మగ్వైర్, ఆ ఏడాది స్టెరాయిడ్లు వాడానని తనే 2010లో ఒప్పుకున్నాడు. చిట్టాలో అంకె మాత్రం 70 అనే ఉంది.

ఇంత చెప్పాక గాలిని మరీ నెత్తికెత్తుకోకూడదు. 2024లో సన్‌రైజర్స్ చేపాక్‌లో ఏప్రిల్ 28న 134కు, ఫైనల్‌లో 113కు ఆలౌటవడానికి కారణం చెన్నై గాలి చిక్కదనం కాదు. ముఖ్యమైనవి పిచ్, బౌలర్లు, చేజారిన తొలి వికెట్లు. రెండు మీటర్ల సాయం బంతి బ్యాట్‌కు తగిలితేనే కదా!

లెక్క రాసుకునేవాళ్లకు అసలు పరీక్ష 2025లో ఎదురైంది. ఆ సీజన్ మార్చి 23న, రియాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు, సన్‌రైజర్స్ తొలి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టింది. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106. అంతే, 300 ఎప్పుడన్న ఒక్క ప్రశ్న తప్ప ఇంకో మాట లేదు. ఆ జట్టు మాజీ బౌలింగ్ కోచ్ డేల్ స్టెయిన్ తేదీ కూడా చెప్పేశాడు: ఏప్రిల్ 17, వాంఖడే.

తొలి వారం అంకెను మ్యాచ్‌ల సంఖ్యతో గుణించడం ప్రపంచంలో ప్రతి అభిమానీ చేసే పని. అమెరికన్లు ఏప్రిల్ నెలలో ప్రతి ఏటా ఇదే చేసి, జూన్‌కల్లా మరిచిపోతారు. 2024లో 22 సిక్సర్ల రోజున ఎవరైనా 14 లీగ్ మ్యాచ్‌లతో గుణించి ఉంటే 308 వచ్చేది. ట్విన్స్ 162 మ్యాచ్‌ల్లో కొట్టిన దానికన్నా ఒకటి ఎక్కువ! లోపం గుణకారంలో లేదు, ఎంచుకున్న రోజులో ఉంది. అసాధారణమైన రోజునే మనం గమనిస్తాం. అసాధారణమైన రోజులో ప్రతిభతో పాటు అదృష్టం, మైదానం, ప్రత్యర్థి బలహీనత అన్నీ ఒకే వైపు కలిసొచ్చి ఉంటాయి. మర్నాటికి ప్రతిభ ఉంటుంది, మిగతావి ఉంటాయని హామీ లేదు. గణాంకవేత్తలు దీన్ని సగటు వైపు మరలడం అంటారు. 2024లో ఆ రెండు 22ల తర్వాత వచ్చిన స్కోర్లు 171, 134. రెండూ ఓటములే.

2025లో 286 తర్వాత వరసగా వచ్చినవి: లక్నో మీద 190, ఢిల్లీ మీద 163, కోల్‌కతా మీద 120, గుజరాత్ మీద 152. నాలుగూ ఓడారు. ఏప్రిల్ 12న పంజాబ్ మీద అభిషేక్ 55 బంతుల్లో 141 బాది 246 లక్ష్యాన్ని ఛేదించి పెట్టాడు. అయిదు రోజులకు స్టెయిన్ చెప్పిన ఏప్రిల్ 17 రానే వచ్చింది. గురువారం, సౌదీలో వారాంతపు సెలవు మొదలయ్యే సాయంత్రం. వాంఖడేలో సన్‌రైజర్స్ 20 ఓవర్లు పూర్తిగా ఆడి చేసింది 162.

ప్లేఆఫ్ ఆశలు ఎప్పుడో పోయాయి. సిక్సర్ల చిట్టా రాసేవాళ్లు చాలామంది మానేశారు. మే 25న నామమాత్రంగా మిగిలిన చివరి లీగ్ మ్యాచ్‌లో కోల్‌కతా మీద హైదరాబాద్ 3 వికెట్లకు 278 కొట్టింది. క్లాసెన్ 37 బంతుల్లో వంద పూర్తి చేశాడు. వేదిక ఉప్పల్ కాదు, ఢిల్లీ అరుణ్ జైట్లీ స్టేడియం.